రూట్ కెనాల్ శుభ్రం చెయ్యడానికి ఏ ఫైలు, ఏ కదలిక: శ్రీకాకుళం క్లినిక్ నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

రూట్ కెనాల్ చేయించుకున్న రాత్రి నొప్పి లేస్తే మన దగ్గర పేషెంటు డాక్టరుకు ఫోన్ చెయ్యడు. ఊళ్లో మందుల షాపుకు పోయి "పన్ను సలిపేస్తంది, మాత్రివ్వు బాబూ" అంటాడు. అక్కడ చేతిలో పడేది డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో, ఐబుప్రోఫెనో. వేరే చోట అయితే దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కానీ కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన మనిషి అయితే ఆ రెండు రోజుల మాత్రలు కూడా ఆలోచించాల్సిందే. ఉద్దానం అని పిలిచే ఈ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఇంటింటి సమస్య. అది బాగా ముదిరేదాకా బయటపడదు కాబట్టి, కుర్చీలో కూర్చున్న మనిషికి తన కిడ్నీలు ఎలా ఉన్నాయో తనకే తెలియకపోవచ్చు. ఈ రకం నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. అసలే దెబ్బతిన్న కిడ్నీ దాన్ని తట్టుకోలేదు.

అందుకే కెనాల్ (పంటి వేరు లోపల నరం ఉండే సన్నటి తోవ) శుభ్రం చేసే పద్ధతుల్ని పోల్చేటప్పుడు నేను మొదట చూసేది ఒక్కటే: వేరు చివర నుంచి కుళ్లును బయటికి తక్కువగా నెట్టేది ఏది? బయటికి పోయిన కుళ్లే ఆ రాత్రి వాపు, నొప్పి తెచ్చేది. ఎంత తొందరగా అవుతుంది, ఫైళ్లకు (కెనాల్ గోడలు గీకే సన్నటి పుల్లల్లాంటి పనిముట్లు) ఎంత ఖర్చవుతుంది అన్నవి ఆ తర్వాత. బీడీఎస్ ముగించి టెక్కలి, నరసన్నపేట, రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి లాంటి చోట్ల కొత్తగా క్లినిక్ పెట్టుకున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫైళ్లు తిప్పే మోటారు ఉన్నవాళ్లకూ, ఇంకా కొననివాళ్లకూ పనికొస్తుంది.

కుర్చీ వెనక్కి వాల్చే ముందు

"షుగరుందా, బీపీ ఉందా" అని అందరం అడుగుతాం. "కిడ్నీ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా, ఇంట్లో ఎవరికైనా ఉందా" అని కూడా అడగండి. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు ఉంటే చూడండి. లేకపోతే ఉద్దానం వాళ్లకు రాయించండి, ఖరీదైన పరీక్షేమీ కాదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇస్తారు కాబట్టి, డయాలసిస్ జరిగిన మర్నాడు అపాయింట్‌మెంట్ ఇవ్వండి. ఫిస్ట్యులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు. అనుమానం ఉంటే కిడ్నీ డాక్టరుతో ఒక మాట మాట్లాడాకే మొదలుపెట్టాలి.

నొప్పికి పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాములు ఆరు గంటలకొకసారి చాలు. డయాలసిస్ వాళ్లకు ఎనిమిది గంటల ఎడం ఉంచండి. చీటీ మీద మాత్ర పేరు రాసి ఊరుకోవద్దు. వాడకూడని మాత్రల పేర్లు కూడా తెలుగులో, పెద్ద అక్షరాలతో, మందుల షాపతను చదివేలా రాయండి. ఇక యాంటీబయాటిక్: నరం వాచి నొప్పి పెడుతున్న పంటికి, అంటే వాపూ జ్వరమూ లేని పల్పైటిస్‌కు, అది అక్కర్లేదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలూ ఇదే చెప్పాయి. నిజంగా అవసరమైనప్పుడు అమోక్సిసిలిన్ మోతాదును కిడ్నీ స్థితిని బట్టి తగ్గించాలి.

నోరు తెరిపించినప్పుడు అంగిలి కూడా చూడండి. మన తీరప్రాంతంలో పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పీల్చే చుట్ట అంగిలిని కాల్చి తెల్లటి, ఎర్రటి మచ్చలు తెస్తుంది, వాటిలో కొన్ని కేన్సరుకు దారితీస్తాయి. పంటి కోసం వచ్చిన అమ్మకు ఆ మచ్చ చూపించేది బహుశా మీరొక్కరే.

ఫైలు చెయ్యగలిగేది, చెయ్యలేనిది

2001లో పీటర్స్ బృందం, రకరకాల నికెల్ టైటానియం ఫైళ్లతో పనిచేసిన కెనాల్‌లను మైక్రో సీటీ (చాలా సూక్ష్మమైన స్కానింగు)లో చూసింది. ఏ ఫైలు వాడినా కెనాల్ గోడల్లో 35 శాతం, అంతకంటే ఎక్కువ భాగాన్ని ఫైలు తాకనే లేదని తేలింది. కెనాల్ గుండ్రటి గొట్టం కాదు. ఒకచోట బద్దలా ఉంటుంది, ఒకచోట రెండు కెనాల్‌ల మధ్య సన్నటి సందు ఉంటుంది, చివర్లో కొమ్మలుగా చీలుతుంది. గుండ్రంగా తిరిగే ఫైలు వాటిల్లోకి పోలేదు.

కాబట్టి ఫైలుకు మనం అప్పజెప్పే పని, మందునీళ్లు చివరిదాకా వెళ్లేలా తోవ వెడల్పు చెయ్యడం. కుళ్లును కరిగించి బ్యాక్టీరియాను చంపే పని సోడియం హైపోక్లోరైట్ (క్లుప్తంగా హైపో) అనే మందునీళ్లది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, కింద చెప్పే పద్ధతుల్లో ఏది ఎక్కడ వాడాలో మీకే తడుతుంది.

తెరవడం, తోవ వెతకడం

రబ్బర్ డ్యామ్ (పన్నును మాత్రం బయటికి ఉంచి నోటిని కప్పే రబ్బరు పొర) వెయ్యకుండా ఫైలు పట్టుకోవద్దు. బార్నమ్ దాన్ని 1864లో కనిపెట్టాడు. ఇప్పటికీ "టైము పడుతుంది" అని పక్కన పెట్టేవాళ్లున్నారు. పేషెంటు గొంతులోకి 21 మిల్లీమీటర్ల ఫైలు జారితే పట్టే టైము ముందు అదెంత? పైగా హైపోక్లోరైట్‌ను ధైర్యంగా, పుష్కలంగా వాడాలంటే డ్యామ్ ఉండాల్సిందే.

పుచ్చు మొత్తం తీసెయ్యండి. పల్ప్ ఛాంబర్ (పంటి పైభాగంలో నరం ఉండే గది) కప్పు పూర్తిగా తీశాక లోపలి నేల రంగును చూడండి. నేల ముదురు రంగులో, గోడలు లేత రంగులో ఉంటాయి. ఆ రెండూ కలిసే గీత మీదే కెనాల్ మొదళ్లు ఉంటాయి. నమిలే పెద్ద పళ్లే మోలార్లు. పై దవడ మొదటి మోలార్‌లో నాలుగో కెనాల్, ఎంబీ2, ఉందనే అనుకుని వెతకండి. కింది మోలార్ డిస్టల్ (వెనకవైపు) వేరులో రెండోది ఉండొచ్చు. కింది రెండో మోలార్‌లో కెనాల్ ఇంగ్లీషు సీ అక్షరం ఆకారంలో కనబడవచ్చు.

తర్వాత 8 లేదా 10 సైజు కె ఫైలు తీసుకుని, చివరి రెండు మూడు మిల్లీమీటర్లు తడి గాజ్‌లో పట్టి కొద్దిగా వంచండి. ఫైలు మీద పొడవు గుర్తుకు ఉండే రబ్బరు బిళ్లే స్టాపర్. స్టాపర్‌కు ఉన్న గాటును ఆ వంపు వైపు తిప్పుకోండి. ఫైలు లోపలికి పోయాక వంపు ఎటుందో ఆ గాటే చెబుతుంది. గడియారానికి కీ ఇచ్చినట్టు కుడికీ ఎడమకూ పావువంతులో సగం తిప్పుతూ, నెట్టకుండా దింపండి. ఆగితే బయటికి తీసి, హైపో పోసి, వంపును మరో దిక్కుకు తిప్పి మళ్లీ ప్రయత్నించండి. వయసు మళ్లిన వాళ్లలో, పళ్లు అరిగిపోయిన వాళ్లలో ఈ దశకే ఎక్కువ టైము పోతుంది, పోనివ్వండి.

ఫైలు ఎలా తయారైందో తెలిస్తే ఎలా వాడాలో తెలుస్తుంది

కె ఫైలును చదరపు లేదా త్రికోణపు స్టీలు తీగను మెలితిప్పి చేస్తారు. తిప్పినా కోస్తుంది, లాగినా కోస్తుంది. హెచ్ ఫైలును గుండ్రటి తీగను చెక్కి చేస్తారు. దాని అంచులు బాగా పదును, కానీ లాగినప్పుడే కోస్తుంది. లోపల గట్టిగా పట్టుకున్న హెచ్ ఫైలును తిప్పితే విరుగుతుంది. ఎప్పుడూ తిప్పొద్దు.

నంబరు అంటే చివరి మందం. 25 నంబరు ఫైలు కొన దగ్గర 0.25 మిల్లీమీటర్లు ఉంటుంది. మామూలు చేతి ఫైలు టేపర్ 0.02 కాబట్టి కొన నుంచి ప్రతి మిల్లీమీటరుకూ 0.02 చొప్పున పెరిగి, 16 మిల్లీమీటర్ల తర్వాత 0.57 అవుతుంది. ఇక్కడ ఒక లెక్క గమనించండి. 10 నుంచి 15కు వెళ్లడమంటే మందం ఒక్కసారిగా యాభై శాతం పెరగడం. 30 నుంచి 35కు వెళ్లడం పదిహేడు శాతం లోపే. లెడ్జ్‌లు (వంపు దగ్గర గోడలో పడే తప్పు మెట్లు) చాలావరకు 10కీ 20కీ మధ్య పడేది ఇందుకే. 10 ఫైలు లోపల వదులుగా, తనంతట తానే జారేలా అయ్యేదాకా 15ను ముట్టుకోవద్దు.

మామూలు నికెల్ టైటానియం బాగా వంచినా మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది. ఈ మిశ్రమం అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టింది. పళ్లు సరిచేసే తీగ ముక్కలతో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టీన్ 1988లో మొదటిసారి రూట్ కెనాల్ ఫైళ్లు చేసి చూశారు. 1990లలో అవి మోటారుకెక్కాయి. ఇప్పుడు వేడి చేసి గుణం మార్చిన రకాలు వస్తున్నాయి. వాటిలో కొన్ని మెత్తగా ఉండి, ముందే వంచి పెట్టుకోవడానికి వీలిస్తాయి. నోరు పెద్దగా తెరవలేని పేషెంటు వెనక మోలార్‌లో ఆ గుణం ఎంత మేలో చేస్తేనే తెలుస్తుంది.

పైభాగం ముందు

ఏ పద్ధతి వాడినా కెనాల్ పై మూడో వంతును ముందే వెడల్పు చెయ్యండి. దీనికి రెండు కారణాలు. కుళ్లులో పెద్ద భాగం పైనే ఉంటుంది, దాన్ని తియ్యకుండా కిందికి దిగితే మనమే దాన్ని చివరికి మోసుకుపోతాం. రెండోది, పైన పట్టు వదిలితే ఫైలు కొన మీద మన వేళ్లకు అదుపు వస్తుంది, సూది కూడా లోతుకు దిగుతుంది.

గేట్స్ గ్లిడెన్ డ్రిల్లులు చవకైన సాధనం. 1 నంబరు 0.5 మిల్లీమీటర్లు, 2 నంబరు 0.7, 3 నంబరు 0.9. మోలార్‌లలో వీటిని దాటొద్దు. తిరుగుతూనే లోపలికి, తిరుగుతూనే బయటికి. వంపు మొదలయ్యే చోటికి చాలా పైనే ఆపెయ్యాలి. కింది మోలార్ మీసియల్ (ముందువైపు) వేరులో, రెండు వేర్ల మధ్యకు చూసే గోడ పల్చగా ఉంటుంది. డ్రిల్లును ఎప్పుడూ దానికి ఎదురు గోడ వైపు రాస్తూ పైకి తియ్యండి. అబూ రాస్, ఫ్రాంక్, గ్లిక్ 1980లో చెప్పిన యాంటీ కర్వేచర్ ఫైలింగ్ సూత్రం ఇదే. ఆ పల్చని గోడ ఒకసారి చిల్లు పడితే ఆ పన్ను నిలవడం కష్టం. రోటరీ (మోటారుతో తిరిగే ఫైళ్లు) ఉన్నవాళ్లు ఆరిఫిస్ ఓపెనర్ (కెనాల్ మొదలు వెడల్పు చేసే ఫైలు) వాడుకోవచ్చు.

పొడవు కొలవడం

పైభాగం వెడల్పు చేశాకే పొడవు ఖాయం చెయ్యండి. వంపు కొంత సర్దుకోవడంతో పొడవు కాస్త తగ్గుతుంది. ముందే కొలిచి అదే పట్టుకు కూర్చుంటే ఫైలు బయటికి పొడుచుకుంటుంది. అపెక్స్ లొకేటర్ (అపెక్స్, అంటే వేరు కొస, ఎక్కడుందో చూపే యంత్రం) రీడింగ్ తీసుకుని, ఫైలు లోపల ఉంచి ఎక్స్‌రే తీసి రెండూ సరిపోతున్నాయో చూడండి. ఎక్స్‌రేలో కనబడే వేరు కొసకు అర నుంచి ఒక మిల్లీమీటరు పైన ఆగాలి. ఛాంబర్‌లో నీళ్లు నిండి ఉన్నా, పాత వెండి ఫిల్లింగు తగిలినా లొకేటర్ తప్పు చూపిస్తుంది. దూది ఉండతో ఛాంబర్ తుడిచి కొలవండి. స్టాపర్ ఆనించిన పంటి మొన ఏదో రాసుకోండి.

పద్ధతులు, ఒకదాని పక్కన ఒకటి

స్టెప్ బ్యాక్. చాలామందికి కాలేజీలో మొదట నేర్పేది ఇదే. క్లెమ్ 1969లో, మలానీ 1979లో దీన్ని వివరించారు. పూర్తి పొడవుకు 25 దాకా చేసి, 30ని ఒక మిల్లీమీటరు తక్కువకు, 35ను రెండు తక్కువకు, 40ని మూడు తక్కువకు పెడుతూ పైకి వస్తారు. ప్రతి మెట్టు తర్వాత 25తో పూర్తి పొడవుకు వెళ్లి తోవ సరిచూస్తారు. నేర్చుకోవడానికి సులువు, వేళ్లకు అలవాటు వస్తుంది. కానీ పైకీ కిందికీ తోసి లాగే కదలిక కెనాల్‌లో సైకిలు పంపులా పనిచేస్తుంది. కిందికి తోసిన ప్రతిసారీ కొంత పంటి పొడి, కొంత కుళ్లు చివరకు చేరి గట్టిపడుతుంది, లేదా బయటికి పోతుంది. ఏ పద్ధతిలోనైనా ఎంతో కొంత బయటికి పోతుంది. తోసి లాగే పద్ధతిలో, తిప్పే పద్ధతుల కంటే ఎక్కువ పోతుంది. చచ్చిన నరం, చీము ఉన్న పంటిలో దీన్ని నేను వద్దంటాను. వంపు తిరిగిన కెనాల్‌లో స్టీలు ఫైలు నిటారుగా కావాలని చూస్తుంది కాబట్టి లెడ్జ్, జిప్ (కెనాల్ చివర చీలినట్టు సాగడం) ప్రమాదం కూడా ఇందులోనే ఎక్కువ.

క్రౌన్ డౌన్. మార్షల్, పాపిన్ 1980లో దీన్ని ప్రతిపాదించారు. పెద్ద ఫైలుతో పైన మొదలుపెట్టి, దానికంటే చిన్నది కాస్త కిందికి, ఇంకా చిన్నది మరికాస్త కిందికి. ఏ ఫైలునూ నెట్టకూడదు. తేలిగ్గా పట్టుకున్న చోట ఆపి, తిప్పి, తీసి, నీళ్లు పోసి, తర్వాతి ఫైలు. చివరికి చేరేసరికి పైనంతా శుభ్రమై, మందునీళ్లతో నిండి ఉంటుంది. ఇప్పటి రోటరీ వ్యవస్థల్లో చాలావాటికి ఇదే వెన్నెముక. చేత్తో చేస్తే సమయం ఎక్కువ పడుతుంది, అది నిజమే.

బ్యాలెన్స్‌డ్ ఫోర్స్. చేతి పద్ధతుల్లో నేను అన్నిటికంటే పైన పెట్టేది ఇది. రోన్ 1985లో చెప్పాడు. కాలేజీలో దీనికి ఒక పేజీ కేటాయించి వదిలేస్తారు, అందుకని కాస్త నింపాదిగా చెబుతాను.

కొన మొద్దుగా ఉండి కొయ్యని రకం, మెత్తగా వంగే కె ఫైలు తీసుకోండి. ముందే వంచక్కర్లేదు. కెనాల్‌లో పెట్టి, తేలిగ్గా పట్టుకునేదాకా దింపండి. ఇప్పుడు బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు, అంటే 60 నుంచి 90 డిగ్రీలు తిప్పండి. అంతకు మించొద్దు. ఫైలు స్క్రూలాగా కొద్దిగా లోపలికి దిగుతుంది, అంచులు గోడలో కొరుక్కుంటాయి. ఇప్పుడు ముల్లుకు ఎదురు దిక్కున 120 డిగ్రీలో, ఇంకాస్త ఎక్కువో తిప్పాలి. ఇక్కడే కిటుకు ఉంది. ఎదురు తిప్పుతుంటే ఫైలు పైకి లేవాలని చూస్తుంది. లేవనివ్వకుండా సరిగ్గా అంతే బలంతో కిందికి ఆపి ఉంచండి. పట్టిన డెంటిన్ (పంటి లోపలి గట్టి పదార్థం) తెగుతున్నప్పుడు వేళ్లకు చిన్న టక్కుమనే శబ్దంలాంటిది తెలుస్తుంది. ఆ కోత జరిగాక, కిందికి నొక్కకుండా ముల్లు దిక్కున ఒకటి రెండు చుట్లు తిప్పుతూ బయటికి లాగండి. పొడి ఫైలు మెలికల మధ్య ఉన్న గాళ్లలో ఎక్కి పైకి వస్తుంది. తడి గాజ్‌తో తుడవండి, నీళ్లు పోయండి, మళ్లీ.

ఇలా చేస్తే వంపు కెనాల్‌లో కూడా స్టీలు ఫైలు మధ్యలోనే నడుస్తుంది, పొడి బయటికి తక్కువ పోతుంది. తీసి ఉంచిన పళ్ల మీద సాధన చెయ్యండి. ఒక పన్ను పూర్తయ్యాక 15 ఫైలు లోపల ఉంచి ఎక్స్‌రే తీసి, మొదటి ఎక్స్‌రేతో పక్కపక్కన పెట్టుకుని వంపు మారిందేమో చూసుకోండి. చేతితో తిప్పే నికెల్ టైటానియం ఫైళ్లు కూడా దొరుకుతాయి. మోటారు కొనే స్తోమత లేనివాళ్లకు ఈ కదలికతో అవి గొప్ప సాధనం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, ఆ చుట్టుపక్కల ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు ఉన్నా చేతి పద్ధతి మరిచిపోకూడదని నేననేది ఇలాంటి రోజుల కోసం కూడా.

రోటరీ. నిరంతరం ఒకే దిక్కున తిరిగే నికెల్ టైటానియం ఫైళ్లు. తొందరగా అవుతుంది, ఆకారం చక్కగా వస్తుంది, పొడి గాళ్ల వెంట పైకి వస్తుంది. కానీ రోటరీ తోవ వెతకదు, ఉన్న తోవలోనే నడుస్తుంది. 15 చేతి ఫైలు పూర్తి పొడవుకు వదులుగా పోయి వచ్చేదాకా, అంటే గ్లైడ్ పాత్ తయారయ్యేదాకా, మోటారు మొదలుపెట్టొద్దు. వేగం, టార్క్ (తిప్పే బలం) కంపెనీ చెప్పినవే పెట్టుకోండి. ప్రోటేపర్ అనే బ్రాండు లాంటివి సాధారణంగా నిమిషానికి 300 చుట్ల చుట్టుపక్కల నడుస్తాయి. ప్రోటేపర్ సెట్టులో ముందు ఎస్ ఫైళ్లతో పైనా మధ్యా, తర్వాత ఎఫ్1, ఎఫ్2 చివరికి. ఎఫ్2 కొన 25, చివరి మూడు మిల్లీమీటర్లలో టేపర్ 0.08. తిరుగుతున్న ఫైలునే లోపలికి దింపాలి, లోపల ఆపకూడదు. రెండు మూడు తేలికపాటి తాకిళ్లు, బయటికి తీసి తుడవడం, నీళ్లు, 10 ఫైలుతో తోవ సరిచూడడం. పూర్తి పొడవుకు చేరిన క్షణమే బయటికి రావాలి. అక్కడే ఉంచి తిప్పితే కెనాల్ చివర జరిగిపోతుంది, ఫైలు అలసిపోతుంది.

రెసిప్రొకేషన్. 2008లో యారెద్, ఒకే ఎఫ్2 ఫైలును ముందుకూ వెనక్కూ తిప్పుతూ కెనాల్ పూర్తిచెయ్యొచ్చని చూపించాడు. ఆ ఆలోచన నుంచి రెసిప్రోక్, వేవ్‌వన్ అనే ఫైళ్లు వచ్చాయి. రెసిప్రోక్ ముల్లుకు ఎదురు దిక్కున 150 డిగ్రీలు కోసి, ముల్లు దిక్కున 30 డిగ్రీలు వదులుతుంది. అంటే మూడు విడతలకు ఒక పూర్తి చుట్టు. ఫైలు పట్టుకుని మెలిపడి విరిగే అవకాశం దీనివల్ల తగ్గుతుంది. బ్యాలెన్స్‌డ్ ఫోర్స్ తెలిసినవాళ్లకు ఇందులో చుట్టరికం కనబడుతుంది. ఈ ఫైళ్లు ఎదురు దిక్కునే కోస్తాయి, మామూలు రోటరీ మోటారుకు పెడితే పనిచెయ్యవు. ఒక్క ఫైలే కాబట్టి నిర్లక్ష్యం పెరుగుతుంది, అదే నాకున్న భయం. మూడు తాకిళ్లకొకసారి తీసి తుడిచి నీళ్లు పొయ్యకపోతే పొడి కిందికి చేరుతుంది. రోటరీ కంటే ఇది ఎక్కువ కుళ్లును బయటికి నెడుతుందా అన్నదానిపై పరిశోధనలు రెండు వైపులా చెబుతున్నాయి. చీము ఉన్న పంటిలో నేను ముందు చేత్తో క్రౌన్ డౌన్ చేసి, పుష్కలంగా కడిగాకే మోటారు పెడతాను.

బద్ద కెనాల్‌ల సంగతి వేరు. కింది మోలార్ డిస్టల్ వేరు, ప్రీమోలార్‌లు (మోలార్లకు ముందున్న పళ్లు), కింది ముందుపళ్లు అడ్డంగా కోసి చూస్తే కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. రోటరీ మధ్యలో గుండ్రటి దారి చేసి, రెండు చివర్లను అలాగే వదిలేస్తుంది. అక్కడ పాత హెచ్ ఫైలు అక్కరకొస్తుంది. వదులుగా దింపి, ఒక్కో గోడకు ఆనించి, పైకి మాత్రమే లాగండి. చుట్టూ అన్ని గోడలకూ అలాగే. సెల్ఫ్ అడ్జస్టింగ్ ఫైలు, ఎక్స్‌పీ ఎండో ఫినిషర్ లాంటివి ఈ లోటు తీర్చడానికే వచ్చాయి. ఖరీదు చూసుకుని కొనండి, లేకపోతే హెచ్ ఫైలూ అల్ట్రాసోనిక్ కడుగుడూ చాలావరకు పని నడిపిస్తాయి.

కడగడం: ఇక్కడ తొందరపడొద్దు

మూడు శాతం హైపోక్లోరైట్ మార్కెట్‌లో మామూలుగా దొరుకుతుంది. ఎండకూ వేడికీ దాని బలం తగ్గిపోతుంది. మే నెలలో కిటికీ పక్కన పెట్టిన సీసాలో మిగిలేది ఉప్పునీళ్లే అనుకోండి. ముదురు సీసాలో, చల్లని చోట, తెరిచిన తేదీ రాసి ఉంచండి. బట్టలకు వాడే బ్లీచ్ వద్దు.

సూది 30 గేజ్, కొన మూసుకుని పక్కన రంధ్రం ఉన్నది వాడండి. పొడవుకు రెండు మిల్లీమీటర్లు తక్కువకు స్టాపర్ పెట్టి, ఎక్కడా బిగుసుకోకుండా, పైకీ కిందికీ కదిలిస్తూ, బొటనవేలితో కాక చూపుడువేలితో నొక్కండి. చూపుడువేలికి బలం తక్కువ, అదే ఇక్కడ మేలు. సూది బిగుసుకున్నప్పుడు నొక్కితే హైపో వేరు బయటికి పోయి క్షణాల్లో తీవ్రమైన నొప్పి, వాపు, నెత్తురు తెస్తుంది. అలా జరిగితే ఆపేసి, సెలైన్‌తో కడిగి, పేషెంటుకు నిజం చెప్పి, పెద్దాసుపత్రికి పంపే పరిస్థితేమో చూడండి.

కెనాల్ చివర 30 సైజు దాకానైనా వెడల్పైతే తప్ప నీళ్లు అక్కడికి సరిగ్గా చేరవు. 20 దగ్గర ఆపేసి "సన్నటి కెనాల్" అనడం పేషెంటుకు మేలు చెయ్యదు. ప్రతి ఫైలు తర్వాత ఒకటి రెండు మిల్లీలీటర్లు పోయండి. ఆకారం పూర్తయ్యాక అసలు కడుగుడు మొదలవుతుంది. అల్ట్రాసోనిక్ కొన ఉంటే, కెనాల్ నిండా హైపో ఉంచి, గోడ తాకకుండా 20 సెకన్లు కదిలించి నీళ్లు మార్చండి, ఇలా మూడుసార్లు. లేకపోతే కెనాల్‌కు సరిపోయే గట్టాపెర్చా (కెనాల్ నింపే రబ్బరులాంటి పదార్థం) కోన్‌ను రెండు మూడు మిల్లీమీటర్ల మేర పైకీ కిందికీ, నిమిషానికి సుమారు వందసార్లు ఆడించండి. అపెక్స్ దగ్గర చిక్కుకున్న గాలి బుడగ దీనితో పోతుంది. ఖర్చు లేని పని, ఫలితం మంచిది.

తర్వాత 17 శాతం ఈడీటీఏ ద్రావణం ఒక్క నిమిషం, స్మియర్ లేయర్ (ఫైలు గీకినప్పుడు గోడకు అంటుకునే పొడి పూత) పోవడానికి. ఎక్కువసేపు ఉంచితే డెంటిన్ తినేస్తుంది. ఈడీటీఏ, హైపో కలిస్తే హైపోలోని క్లోరిన్ బలం పోతుంది, కాబట్టి ఒకదాన్ని పూర్తిగా తీశాకే మరొకటి. క్లోరెక్సిడిన్ (క్రిములను చంపే ఇంకో మందునీళ్లు) వాడేవాళ్లు మధ్యలో సెలైన్‌తో తప్పనిసరిగా కడగాలి. హైపోతో కలిస్తే గోధుమరంగు గసి ఏర్పడి డెంటిన్‌లోని సన్నటి గొట్టాలను మూసేస్తుంది, పంటికి రంగు పట్టిస్తుంది.

ఏ పంటికి ఏది

ఒకే వేరు, నిటారు కెనాల్, నరం బతికే ఉంది: మీ చేతికి ఏది అలవాటైతే అది. చచ్చిన నరం, చీము: క్రౌన్ డౌన్ తప్పనిసరి, తోసి లాగడం వద్దు. వంపు 25 డిగ్రీలు దాటింది (ష్నైడర్ 1971లో చెప్పిన కొలత ప్రకారం ఇది తీవ్రమైన వంపు): చేతి ఫైళ్లతో గ్లైడ్ పాత్, తర్వాత వేడి చేసి గుణం మార్చిన మెత్తటి నికెల్ టైటానియం కొత్త ఫైలు, లేదా ఓపికతో బ్యాలెన్స్‌డ్ ఫోర్స్. బద్ద కెనాల్: ఏది వాడినా చివర్లో హెచ్ ఫైలు చుట్టూ ఆడించాలి. కిడ్నీ జబ్బున్న మనిషి అయితే పన్ను ఏదైనా సరే, చీము ఉన్న పంటిలా చూసుకోండి.

ఫైలు విరగకుండా

నికెల్ టైటానియం ఫైలు రెండు విధాలుగా విరుగుతుంది. కొన ఇరుక్కుని పైభాగం తిరుగుతుంటే మెలిపడి విరగడం ఒకటి, వంపులో తిరిగి తిరిగి అలసిపోయి విరగడం రెండోది. మొదటిదానికి ముందుగా గుర్తు కనబడుతుంది. ఆటోక్లేవ్‌కు పంపే ముందు ప్రతి ఫైలునూ లైటు కింద, లూప్ (కళ్లకు పెట్టుకునే భూతద్దం) ఉంటే లూప్‌తో చూడండి. గాళ్లు విచ్చుకున్నా, ఒకచోట దగ్గరికి నొక్కుకున్నా, మెరుస్తున్న మచ్చ ఉన్నా పారెయ్యండి. రెండో రకానికి ఏ గుర్తూ ఉండదు. అందుకే వాడకం లెక్క రాసుకోవాలి. బాగా వంకరగా ఉన్న కెనాల్‌లో వాడిన ఫైలును మళ్లీ మరో పేషెంటుకు వద్దు. 6, 8, 10 చేతి ఫైళ్లకూ ఒక్కసారే. ఒక్కటే ఫైలుతో చేసే రకాలకు కంపెనీ "ఒక్కసారికే" అని రాసి ఉంటే దాన్ని పాటించండి.

విరిగితే మొదట పేషెంటుకు చెప్పండి, కార్డులో రాయండి. అప్పటికే చివరిదాకా కడగడం అయిపోయి ఉంటే, ముక్క ఉన్నా పన్ను నిలవొచ్చు. మొదట్లోనే, చీము ఉన్న కెనాల్‌లో విరిగితే మైక్రోస్కోప్ ఉన్న ఎండోడాంటిస్టు (రూట్ కెనాల్ నిపుణుడు) దగ్గరకు విశాఖకో ఇంకెక్కడికో పంపాల్సి రావచ్చు. ఆ ప్రయాణానికి ఒక రోజు కూలి పోతుందని గుర్తుంచుకుని, ఉత్తరం స్పష్టంగా రాసి, ఎక్స్‌రే ఇచ్చి పంపండి.

ఆ రోజు పని ముగించేటప్పుడు

చివరి సైజు ఎంతో కొలవండి. మీరు వాడిన ఆఖరి సైజుకు సమానమైన నికెల్ టైటానియం చేతి ఫైలును తిప్పకుండా దింపితే సరిగ్గా పొడవు దగ్గర ఆగాలి. ఇంకా ముందుకు జారితే తర్వాతి సైజు చూడండి. పేపర్ పాయింట్లు (కెనాల్ తడి పీల్చే కాగితపు పుల్లలు) పొడిగా రావాలి. రక్తం మచ్చ ఒక పక్కన మాత్రమే ఉంటే చిల్లేమో చూడండి, కొన మీద ఉంటే పొడవు దాటుతున్నారేమో చూడండి.

నరం బతికి ఉన్న పన్ను, పొడిగా వచ్చిన కెనాల్ అయితే అదే రోజు ఫిల్లింగు చెయ్యడం మన దగ్గర పెద్ద మేలు. మందస నుంచి బస్సెక్కి వచ్చిన మనిషికి రెండోసారి రావడం ఎంత కష్టమో మీకు తెలుసు. చీము ఇంకా ఊరుతుంటే కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి, వారం పది రోజుల్లో రమ్మనండి. తాత్కాలిక ఫిల్లింగు మందం మూడున్నర మిల్లీమీటర్లకు తగ్గకూడదు, పల్చగా పెడితే రెండో రోజుకే లాలాజలం లోపలికి పోతుంది. నమిలితే నొప్పి ఉన్న పన్నును ఎదుటి పన్నుకు తగలకుండా కాస్త అరగదియ్యండి.

కార్డులో ఇవి ఉండాలి: ఒక్కో కెనాల్ పేరు, పొడవు, కొలిచిన మొన, ఆఖరి ఫైలు సైజూ టేపరూ, వాడిన పద్ధతి, హైపో ఎంత శాతం, లోపల పెట్టిన మందు, వాడిన ఫైళ్లలో పారేసినవి, క్రియాటినిన్ తెలిస్తే ఆ అంకె, ఇచ్చిన మాత్రలు. పేషెంటు రెండో విడతకు మీ దగ్గరికి కాకుండా ఊరికి దగ్గర్లో ఉన్న మరో డాక్టరు దగ్గరికి వెళ్లాలనుకుంటే, ఈ కార్డు ఫొటో తీసి అతని ఫోనుకు పంపించండి.